రిజిస్టర్ ఉన్న సంఘం, రిజిస్టర్ లేని గూడెం

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాను.)

 

ఇయ్యాల నేను ఒక చర్చి చరిత్ర చెప్తా అంటే పొద్దున ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. "మనకు పోడు భూముల పంచాయితీ ఉండంగ చర్చి ముచ్చట ఎందుకురా" అని ఒక కాక అడిగిండు. నేను చెప్పేది కూడా పోడు భూమి ముచ్చటే కాకా, జర ఓపిక పట్టు.

కరీంనగర్‌లో చదువుకున్నోళ్ళు అక్కడి సీఎస్ఐ చర్చి చూసే ఉంటరు. సీఎస్ఐ చర్చిల్లో పాస్టర్ గారిని కాయితాల మీద 'ప్రెస్బిటర్' అని రాస్తారు. డిగ్రీ చదివేటప్పుడు ఆ మాట చూసి ఇదేం పదమో అనుకున్న. అది గ్రీకు మాట. అర్థం 'పెద్దమనిషి'. తెలుగు బైబిల్లో కూడా 'పెద్దలు' అనే ఉంటుంది. ఆ మాట నుంచే ప్రెస్బిటేరియన్ చర్చి అనే పేరు వచ్చింది. అంటే పెద్దల సభ నడిపే చర్చి. పై నుంచి బిషప్ వచ్చి ఏలడు. సంఘం వాళ్ళు తమలో నుంచి పెద్దలను ఎన్నుకుంటారు, ఆ పెద్దలు పాస్టర్‌తో కలిసి కూర్చొని తీర్పు చేస్తారు. ఊరి సభ మీద ప్రాంతం సభ, దాని మీద ఇంకో పెద్ద సభ. ఇంత వరకు వింటే మీకు ఏం గుర్తుకొస్తున్నది? గూడెంలో పట్ల, దేవారి, కటోడ కూర్చునే పంచాయితీ, దాని మీద రాయ్ సెంటర్, దాని మీద సార్మేడి. నాకైతే అదే గుర్తుకొచ్చింది.

ఒక్క తేడా ఉన్నది. వాళ్ళ పెద్దలు కూర్చున్న ప్రతిసారీ ఒక పుస్తకంలో రాసిపెట్టిన్రు. మన పెద్దలు రాయలేదు. నా ముచ్చట మొత్తం ఈ తేడా మీదనే.

ముందు ఆ చర్చి ఎక్కడ పుట్టిందో చెప్తా. స్కాట్లాండ్‌లో అప్పట్లో ఒక ఊరి చర్చికి పాస్టర్‌గా ఎవరిని పెట్టాలో ఆ ఊరి భూస్వామి నిర్ణయించేవాడు. ఊరు వద్దన్నా సరే, దొర పంపినోడే పాస్టర్. దీని మీద పదేండ్లు కొట్లాట జరిగింది, కోర్టులకు పోయింది, కోర్టులు దొరల వైపే తీర్పు చెప్పినయ్. 1843 మే 18న ఎడింబరోలో ఆ చర్చి మహాసభ నుంచి పాస్టర్లు లేచి బయటికి నడిచిన్రు. దాదాపు 1,200 మంది పాస్టర్లలో 470 మందికి పైగా జీతం, ఇల్లు, చర్చి వదిలేసి పోయిన్రు. వాళ్ళు పెట్టుకున్నదే ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్.

ఉత్తరాన కొండ ప్రాంతంలో, గేలిక్ భాష మాట్లాడే పేద రైతులు చాలా ఊర్లలో ఊరు ఊరంతా ఈ కొత్త చర్చిలోకి వచ్చేసిన్రు. ఆ రైతులను అప్పటికే దొరలు గొర్రెల మేపు కోసం భూముల నుంచి వెళ్ళగొడుతున్నరు. ఇప్పుడు వీళ్ళు చర్చి కట్టుకుంటాం, జాగా ఇవ్వుమంటే కొందరు దొరలు ఇవ్వలే. స్ట్రాంషన్ అనే ఊరోళ్ళు ఏం చేసిన్రో తెలుసా? నేల మీద జాగా దొరకనందుకు చందాలు వేసుకొని ఒక ఇనుప ఓడ చేయించుకొని, నీళ్ళ మీద లంగరు వేసి, అందులో ప్రార్థన పెట్టుకున్నరు. 1846లో. దొరది భూమే కదా, నీళ్ళు కాదు కదా అని! ఇదే కొండ రైతుల కొట్లాట తర్వాత 1886లో ఒక చట్టం దాకా వచ్చింది. వాళ్ళ చేతుల్లో ఉన్న చిన్న కమతాల నుంచి ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టడానికి లేదని ఆ చట్టం చెప్పింది. మన అటవీ హక్కుల చట్టం చదివినోళ్ళకు ఇది కొత్త కథ అనిపించదు.

అట్లని ఆ చర్చిని నెత్తిన పెట్టుకోవద్దు. ఊరి సమ్మతి అని అంత మాట్లాడిన అదే ఫ్రీ చర్చి, కొత్తలో డబ్బులు లేక అమెరికాలో బానిసలను పెట్టుకున్న వాళ్ళ దగ్గర చందా తీసుకున్నది. బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1846లో స్కాట్లాండ్ ఊర్లు తిరిగి "ఆ డబ్బు తిప్పి పంపండి" అని సభలు పెట్టిండు. పంపలే. తన గాయం ఒకటి, పక్కోడి గాయం ఇంకొకటి అన్నట్టు.

ఈ చర్చి మనుషులు మన వైపు ఎట్ల వచ్చిన్రు? ఆదిలాబాద్ నుంచి నాగపూర్ మనకు హైదరాబాద్ కంటే దగ్గర. అప్పుడైతే మనది, చంద్రపూర్‌ది ఒకటే గోండ్వానా నేల. 1840ల మొదట్లో జర్మనీ నుంచి ఒక చిన్న మిషనరీ గుంపు గోండుల మధ్య ఉండాలని అమర్‌కంటక్ దగ్గరి కరంజియాకు పోయింది. కలరా వచ్చింది, ఎక్కువ మంది చచ్చిపోయిన్రు. మిగిలినోళ్ళు కామ్ఠీకి వచ్చిన్రు. కామ్ఠీ అంటే నాగపూర్ పక్కన మద్రాసు సైన్యం కంటోన్మెంట్. ఆ సైన్యం వెంట వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలు కూడా అక్కడ ఉండేవి. 1845లో ఫ్రీ చర్చి పంపిన స్టీఫెన్ హిస్లాప్ అక్కడికి వచ్చిండు. అప్పటికి ఆయనకు ముప్పై ఏండ్లు కూడా నిండలే. నాగపూర్‌లో ఇప్పుడున్న హిస్లాప్ కాలేజీ ఆయన పెట్టిన బడి నుంచి ఎదిగిందే.

ఆయన వచ్చింది ఏ కాలమో కూడా చూడాలె. 1854లో ఈస్టిండియా కంపెనీ నాగపూర్ రాజ్యాన్ని వారసుడు లేడని మింగేసింది. 1858లో చాందా జైలులో బాబూరావు షెడ్మాకేను ఉరి తీసిన్రు. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నోళ్ళను మర్రిచెట్టుకు ఉరివేసిన్రు. వెయ్యి ఉరుల మర్రి అని మనం ఇప్పటికీ అంటున్నం. అదే సంవత్సరాల్లో, అదే నేల మీద, ఒక ప్రెస్బిటేరియన్ పాస్టర్ నోటుబుక్కు పట్టుకొని గోండుల మాటలు రాసుకుంటూ తిరిగిండు. ఈ రెండూ ఒకేసారి జరిగినయ్. ఏ ఒక్కటి చెప్పి రెండోది వదిలేసినా అది సగం చరిత్రే.

హిస్లాప్‌కు రాళ్ళంటే పిచ్చి. భూగర్భ శాస్త్రంలో ఆయన పేరు నిలిచింది, ఒక ఖనిజానికి ఆయన పేరే పెట్టిన్రు. కానీ మనకు కావాల్సింది వేరే ఉన్నది. ఆయన గోండీ మాటలు పోగు చేసిండు, తెగల పేర్లు, ఎవరు ఎక్కడ ఉంటున్నరో రాసిండు. అన్నింటి కంటే పెద్ద పని, ఒక పర్ధాన్ నోట లింగో కథ విని గోండీలోనే, ఇంగ్లీషు అక్షరాలతో, వరుస వరుస రాసిపెట్టిండు. దాదాపు వెయ్యి వరుసలు. గోండులను గుహలో మూసేయడం, తప్పించుకున్న నలుగురు కాచికోపా లోహాగఢ్ పోవడం, లింగో పుట్టడం, తమ్ముడని నమ్మినోళ్ళే ఆయన్ను చంపడం, మళ్ళీ లేవడం, గుహలో ఉన్నోళ్ళను విడిపించి సగాలుగా పంచడం. మన దగ్గర పర్ధాన్ కాకలు కిక్రి వాయిస్తూ చెప్పే కథకూ దానికీ పేర్లలో, దారిలో కొన్ని తేడాలున్నయ్. మన దగ్గర జంగుబాయి ముచ్చట వస్తది. అయినా ఎముక ఒకటే.

1863 సెప్టెంబర్ 4న ఆయన టాకల్‌ఘాట్ దగ్గర పాత రాతి సమాధుల వలయాలు చూసి, చీకటి పడ్డాక గుర్రం మీద తిరిగి వస్తున్నడు. వానకు వాగు పొంగి ఉన్నది. గుర్రం ఒక్కటే క్యాంపుకు చేరింది. ఆయన వాగులో పోయిండు. ఆ కాయితాలన్నీ సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ చేతికి వచ్చినయ్. ఆయన వాటిని సరిచేసి 1866లో నాగపూర్‌లో పుస్తకంగా వేయించిండు.

ఇప్పుడు ఆ పుస్తకం అట్ట మీద ఎవరి పేర్లున్నయ్? హిస్లాప్ పేరు ఉన్నది. టెంపుల్ పేరు ఉన్నది. వెయ్యి వరుసలు తలలో పెట్టుకొని మోసిన పర్ధాన్ పేరు లేదు. తర్వాత 1871లో ఫోర్సిత్ అనే దొర ఆ కథనే ఇంగ్లీషు పద్యంలా మార్చి తన అడవి పుస్తకంలో వేసుకున్నడు. దాని మీద ఇంకొకడు రాసిండు, వాని మీద ఇంకొకడు. నూటయాభై ఏండ్లుగా గోండుల మీద పీహెచ్‌డీ చేసినోళ్ళు ఆ పుస్తకం దగ్గరికి పోవాల్సిందే. గొంతు ఇచ్చినోడు మాత్రం 'ఒక పర్ధాన్'గానే మిగిలిండు. నాకు హిస్లాప్ మీద కోపం లేదు. ఆయన రాయకుంటే ఆనాటి ఆ కథ ఆ రూపంలో మనకు దొరికేదే కాదు. కానీ ఆ పేరు లేని జాగా నన్ను కుదురుగా ఉండనియ్యదు.

మరి అదే చర్చి గోండుల మధ్య సంఘం కట్టిందా? కట్టింది, చిన్నది. హిస్లాప్ పోయినంక ఫ్రీ చర్చి ఛింద్వాడాలో గోండుల కోసం ప్రత్యేకంగా ఒక మిషన్ పెట్టింది. జేమ్స్ డాసన్ అనే పాస్టర్ అక్కడ గోండీ నేర్చుకొని, 1870లలో మత్తయి, మార్కు సువార్తలు గోండీలో అచ్చు వేయించిండు. ఛింద్వాడా గోండీ మన ఉట్నూరు గోండీ ఒకటి కాదు, మనం వింటే సగం అర్థమవుతది. ఆ పని తర్వాత స్వీడన్ మిషన్ చేతికి పోయింది. పెద్ద సంఖ్యలో గోండులు ఎప్పుడూ చేరలే. ఎందుకు చేరలేదంటే చాలామంది చాలా చెప్తరు. నా లెక్క ప్రకారం కారణం సాదాగా ఉన్నది: మన పేన్, మన సగ, మన పెళ్ళి, మన చావు అన్నీ ఒక్క తాడుతో కట్టి ఉన్నయ్. అందులో నుంచి ఒక మనిషి ఒక్కడే బయటికి నడవడమంటే చుట్టాలందరినీ వదిలి నడవడమే.

మన ఆదిలాబాద్ వైపు ప్రెస్బిటేరియన్ సంఘం నిలవలేదు గానీ ఆ కుటుంబానికి చెందిన ఒక మనిషి మన అడవి దారుల్లో నడిచిండు. జేకబ్ చాంబర్లెన్. మదనపల్లెలో ఉన్న అమెరికా డాక్టర్, పాస్టర్. ఆయన రిఫార్మ్డ్ చర్చి మనిషి. అది కూడా పెద్దల సభ నడిపే చర్చే. హిస్లాప్ చనిపోయిన అదే 1863లో ఆయన మదనపల్లె నుంచి హైదరాబాద్ రాజ్యం మీదుగా గోదావరి దాకా, గోండు అడవుల్లో నుంచి, తెలుగు పుస్తకాలు పంచుతూ పోయిండు. వానలు, పొంగిన నదులు, జ్వరాలు. 1896లో అచ్చయిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'ఇన్ ది టైగర్ జంగిల్'. మన అవ్వలు ఇప్పపూలు ఏరుకునే జాగా ఆయనకు పులుల అడవి. తప్పు పట్టడం లేదు, కొత్తగా వచ్చినోనికి అట్లనే కనిపిస్తది. కానీ ఊరి పేరు ఎవరు పెడతరో ఊరి కథ వాళ్ళదైపోతదని చెప్తున్న.

గోదావరికి కిందివైపు దుమ్ముగూడెం కథ కూడా ఇట్లాంటిదే. అక్కడ గోదావరి ఆనకట్ట పనులు చూసే కెప్టెన్ హేగ్, ఆయన కింద ఉద్యోగం చేసి అది వదిలేసిన వెంకట్రామరాజు కలిసి కోయల మధ్య మిషన్ మొదలుపెట్టిన్రు. తర్వాత జాన్ కెయిన్ వచ్చి చాలా ఏండ్లు ఉండి కోయ భాష, ఆచారాల మీద రాసిండు. 1889లో లూకా సువార్త కోయలో వచ్చింది. అది ఆంగ్లికన్ మిషన్. కరీంనగర్, మెదక్ వైపు వచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. మెదక్ పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న తెరిచిన్రు. అక్కడ చేరింది ఎక్కువ మాల, మాదిగ కుటుంబాలు. దక్షిణాదిలోని ప్రెస్బిటేరియన్ సంఘాలు కాంగ్రెగేషనల్ వాళ్ళతో 1908లో కలిసినయ్. వాళ్ళు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు అంతా కలిసి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ అయిన్రు. కరీంనగర్ చర్చిది మెథడిస్టు పుట్టుక అయినా, కాయితాల మీద 'ప్రెస్బిటర్' అని ఉండేది అందుకే. నాగపూర్ వైపు సంఘాలు 1970లో సీఎన్ఐలోకి పోయినయ్. ఇక్కడికి చర్చి చరిత్ర అయిపోయింది అనుకోండి.

నాకు పని ఉన్నది ఆ రిజిస్టర్లతో. స్కాట్లాండ్‌లో ఒక్కో ఊరి పెద్దల సభను కిర్క్ సెషన్ అంటరు. నాలుగు వందల ఏండ్ల కింది నుంచి ఆ సభల పుస్తకాలు ఉన్నయ్. ఎవరు పుట్టిన్రు, ఎవరిని ఎవరు చేసుకున్నరు, ఎవరు చచ్చిపోయిన్రు, ఏ ముసలమ్మకు ఎన్ని పైసలు సాయం చేసిన్రు, ఎవరి మీద ఏం ఫిర్యాదు వచ్చింది, సభ ఏం తీర్పు చెప్పింది. ఇరవై కుటుంబాలున్న ఊరికి కూడా పుస్తకం ఉన్నది. వాటిని ఇప్పుడు నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ ఊరు ఖాళీ అయిపోయినా, ఆ రైతులు కెనడా పోయినా, వాళ్ళ మునిమనవడు ఫోన్‌లో తన తాత ఇంటిపేరు, ఊరి పేరు వెతుక్కోవచ్చు.

ఆ పుస్తకాల్లో పాపం కూడా చాలా ఉన్నది. ఆడవాళ్ళ మీద నిఘా పెట్టి, పెండ్లి కాకుండా గర్భం వచ్చిన పిల్లను సంఘం ముందు పీట మీద కూర్చోబెట్టి అవమానించిన తీర్పులు వందల కొద్దీ రాసి ఉన్నయ్. రాసిన పెద్దలంతా మగోళ్ళే. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో ఆడవాళ్ళు పెద్దలు కావడానికి 1966 దాకా పట్టింది. మన పంచాయితీలో కూడా ఆడవాళ్ళు గోడ వెనుక నుంచి వినేది ఇంకా పోలేదు, అది కూడా చెప్పుకోవాలె. అయితే రాసి ఉన్నందుకే ఆ అన్యాయం ఇయ్యాల కనబడుతున్నది, తప్పని చెప్పడానికి వీలవుతున్నది.

మనకు రాత లేదని అనేటోళ్ళకు నేను ఒప్పుకోను. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులు ఉన్నయ్ కదా. 1750 ప్రాంతానివని పండితులు లెక్క కట్టిన్రు. మన లిపి, మన లెక్కలు, చంద్రపూర్ గోండు రాజుల ముచ్చట్లు ఉన్నయ్. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది, ఇప్పుడు ఫోన్‌లో రాసుకోవచ్చు. హైమన్‌డార్ఫ్ దొర వచ్చింది 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగినంక. 1943లో మార్లవాయిలో బడి పెట్టి గోండీ పుస్తకాలు చేయించిండు. ఆయన రాసిన 'ఆదిలాబాద్ రాజ్ గోండులు' 1948లో వచ్చింది. కాబట్టి రాత తక్కువేం లేదు. రాసింది ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి పేరు మీద ఉన్నది అనేదే పంచాయితీ. మన పర్ధాన్ల తలలే మన రిజిస్టర్లు. ఏ ఇంటిపేరు ఏ సగలోకి వస్తది, ఏ పేన్ ఎక్కడి నుంచి ఎక్కడికి మోసుకొచ్చిన్రు, ఏ గూడెం ఎవరు కట్టిన్రు, అన్నీ చెప్తరు. కానీ ఒక పర్ధాన్ కాక చచ్చిపోతే ఒక రిజిస్టర్ కాలిపోయినట్టే. కొడుకు ఆటో నడుపుతున్నడు, కిక్రి గోడకు వేలాడుతున్నది. నేను ఎన్ని ఇండ్లల్లో చూసిన్నో చెప్పలేను.

ఇప్పుడు పోడు దగ్గరికి వస్తున్న కాకా. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం మనం 2005 డిసెంబర్ 13 కన్నా ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నట్టు చూపాలె. ఆఫీసుకు పోతే ఏం అడుగుతరు? "కాగితం ఉన్నదా?" మా దగ్గరి ఒక గూడెంలో తాతలు దున్నిన చేను మీద వేసిన దరఖాస్తు ఇదే మాట మీద వెనక్కి వచ్చింది. ఆ ముసలాయన నాతో, "నేనే కాగితం కదా బిడ్డా" అన్నడు.

ఆయన అన్నది చట్టంలో ఉన్నది! 2008 నియమాల్లో 13వ నియమం తీసి చదవండి. సాక్ష్యం కింద ఏమేం పనికొస్తయో అక్కడ వరుసగా ఉన్నయ్. సర్కారు రికార్డులు, గెజిటీర్లు, జనాభా లెక్కలు ఉన్నయ్. ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు ఉన్నయ్. ఇల్లు, బావి, గట్టు, శ్మశానం, దేవుని జాగా లాంటి కంటికి కనిపించే గుర్తులు ఉన్నయ్. పాత రికార్డుల్లో పేరున్న మనిషి దాకా వంశం లెక్క చూపించడం ఉన్నది. ఇంకొకటి, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాట, రాతలో పెట్టింది. గ్రామసభ, పై కమిటీలు వీటిలో ఒకటికి మించి చూడాలె. చూడండి, చట్టం మన పెద్దల నోటి మాటను సాక్ష్యం అన్నది, కానీ 'రాతలో పెట్టింది' అన్నది. ఆ ఒక్క మాట దగ్గర మనం ఓడిపోతున్నం.

హిస్లాప్ పుస్తకం కూడా ఇక్కడ అక్కరకొస్తది. వార్ధా నదికి దక్షిణాన ఉన్న కొండల్లో కోలాములు ఉంటరని అందులో ఉన్నది. నాయకుడే గోండులు పెన్‌గంగ రెండు ఒడ్ల అడవుల్లో, నిర్మల్ దాకా ఉంటరని ఉన్నది. 1866లో అచ్చయిన మాట. మనం నిన్న మొన్న వచ్చి అడవి నరికినోళ్ళమని అనేటోనికి, రాంజీ గోండును ఉరివేసిన ఆరేండ్లకే ఒక చీఫ్ కమిషనర్ అచ్చు వేయించిన పుస్తకంలో మనం ఉన్నమని చూపించొచ్చు. దానితోటే ఒక ఎకరం పట్టా రాదు, అది నాకూ తెలుసు. ఒక్కో చేనుకు ఒక్కో గూడెం తన సాక్ష్యం రాయాలె. దాని వెనుక ఈ పుస్తకం నిలబడాలె.

ఇంకో ముచ్చట, కొంచెం చేదుది. మన గూడెంలలో కొన్ని కుటుంబాలు ప్రార్థనకు పోతున్నయ్. వాళ్ళను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని ఊర్లలో సభలు పెడుతున్నరు. మీలో కొందరు ఆ సభలకు పోయి వచ్చిన్రు, నాకు తెలుసు. చట్టం ఏం చెప్తదో మాత్రం చెప్తా. ఎస్సీ జాబితాకు 1950 ఉత్తర్వులో మతం షరతు ఉన్నది. ఎస్టీ జాబితాకు అట్లాంటి షరతు లేదు. కేరళ కేసులో 2004లో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ హోదా పోదని, ఆ మనిషి తెగ ఆచారాల్లో ఉన్నడా, తెగ అతన్ని తనవాడుగా చూస్తున్నదా అనేది ఒక్కో కేసులో చూడాలని చెప్పింది. అంటే బంతి మళ్ళీ మన దగ్గరికే వచ్చింది: మన గూడెం ఎవరిని తనవాడంటది? నా మాట నేను చెప్తా, మీరు కాదనొచ్చు. గూడెం పుస్తకం రాసేటప్పుడు ప్రార్థనకు పోయే ఇంటిని వదిలేస్తే, రేపు సర్కారు లెక్కలో ఆ గూడెం అంత చిన్నదైతది. గ్రామసభలో అన్ని చేతులు తగ్గుతయ్. అడవి మీద హక్కు అడిగేది గూడెం మొత్తం. పేన్ కొలుపు దగ్గర ఎవరు కూర్చోవాలో కటోడ చెప్తడు, అది ఆయన పని. రిజిస్టర్‌లో ఎవరుండాలో అది వేరే లెక్క.

అందుకని పని చెప్తున్న. గూడేనికి ఒక మందపాటి లాంగ్ నోటుబుక్కు. మొదటి పేజీలో గూడెం పేరు, అంతకు ముందు ఏ జాగాలో ఉండేది, ఎందుకు కదిలిన్రు, ఎవరు కట్టిన్రు. తర్వాత ఇంటింటికి ఒక పేజీ: ఇంటిపేరు, సగ, నాలుగు తరాల పేర్లు. ఆడవాళ్ళ పేర్లు పుట్టింటి పేరుతో సహా రాయాలె, 'భార్య' అని రాసి వదిలేస్తే ఒప్పుకోను. తర్వాత చేన్లు, ప్రతి చేనుకు మనం పిలుచుకునే పేరు, హద్దులో ఉన్న చెట్టు, రాయి, వాగు. శ్మశానం, పేన్ జాగా, మేత జాగా. చివర పెద్దల మాటలు. చెప్పినాయన పేరు, చెప్పినామె పేరు, వయసు, తేదీ, వేలిముద్ర, రాసినవాళ్ళ సంతకం, ఇద్దరు సాక్షులు. చెప్పినోళ్ళ పేరు ముందు, రాసినోళ్ళ పేరు తర్వాత. గోండీలో చెప్తే గోండీలోనే రాయండి, తెలుగు అక్షరాలైనా సరే, గుంజాల లిపి వచ్చినోళ్ళుంటే ఇంకా మంచిది. కింద తెలుగులో అర్థం రాయండి. కోలామీ మాట్లాడే గూడెంలో కోలామీలో. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలని నియమమే ఉన్నది, రాసే గుంపులో సగం మంది మన చెల్లెళ్ళే ఉంటే ఇంకా మంచిది, వాళ్ళ చేతిరాత మన కంటే బాగుంటది ఎట్లయినా.

రాసినంక గ్రామసభలో చదివి వినిపించాలె, తప్పులుంటే అక్కడనే దిద్దాలె, తీర్మానం చేయాలె. ఒక కాపీ గూడెంలో, ఒకటి రాయ్ సెంటర్‌లో, ఫోటోలు తీసి ఫోన్లలో. పర్ధాన్ కాకల దగ్గరికి ముందు పోవాలె, వాళ్ళ దగ్గర కూర్చున్నందుకు వాళ్ళకు ఇచ్చేది ఇవ్వాలె. పుణ్యానికి కథ చెప్పించుకునుడు వద్దు, అది వాళ్ళ హక్కు.

నాగోబా జాతరకు అందరం కేస్లాపూర్‌లో కలుస్తం కదా. అప్పటికి కనీసం పది గూడెంల పుస్తకాలు మొదలవ్వాలె. నోటుబుక్కులు, స్టాంప్ ప్యాడ్లు ఈ బల్ల మీద ఉన్నయ్, 13వ నియమం తెలుగులో జిరాక్స్ తీయించి పెట్టిన. ముందు ఏ గూడెం రాసుకుంటది, చెప్పండి.